చొక్కా పాటకు వంత

1979 వేసవి అంతా మా వంటింట్లో ఒక్క పాటే సాగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ బల్ల తుడిచేసేది. నాన్న తన కుర్చీని కిటికీ పక్కకు లాక్కుని కూర్చునేవాడు. ఆ కుర్చీ ముందు నేలకు అతికించిన లినోలియం షీటు రెండు పాదాల మేర అరిగిపోయి అడుగున నల్లటి అట్ట బయటపడి ఉండేది. నాన్న పాడుతూ రెండు కాళ్లతో తాళం వేసిన చోటు అది. అక్కడ పట్టా పరుస్తానని అమ్మ ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదు.

"నిన్న ఎన్నయ్యాయి?" అని నన్ను అడిగేవాడు.

"తొమ్మిది."

"అయితే ఇవాళ పది."

చొక్కా పాటకు పదిహేడు చరణాలు. ఏట్లో బట్టలుతుకుతున్న ఆడమనిషి చేతిలోంచి మొగుడి చొక్కా జారి కొట్టుకుపోతుంది. ఉన్నది ఆ ఒక్క చొక్కాయే. ఆవిడ ఏటి వెంబడి నడుస్తూ ఊరూరా అడుగుతుంది, మా ఆయన చొక్కా చూశారా అని. ఊరికో చరణం, ఊరికో వెటకారం. పదిహేడో ఊళ్లో దాన్ని ఎవడో తొడుక్కుని కనిపిస్తాడు. వాడి ఒంటికి కొలత తీసి కుట్టినట్టు ఉంటుంది. ఆవిడ చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి తిరుగుతుంది. చిన్నప్పుడు నేను నాన్నను అడిగాను, ఆవిడ ఎందుకు అడగలేదని. "అడిగితే ఏమంటాడు? నాదే అంటాడు," అన్నాడు నాన్న.

పాడేవాడు ఒక పంక్తి పాడతాడు. మిగతావాళ్లు అదే పంక్తిని తిరిగి పాడతారు. మావాళ్ల పాటలు చాలామటుకు అంతే. పాట ఒక్కరిది, వంత ఇంటిల్లిపాదిది. వంత ఉన్నది హుషారు కోసమని అనుకునేదాన్ని. అది కాదని ఆ వేసవిలో తెలిసింది. నాన్న ముప్పై ఎనిమిదేళ్లు నది ఒడ్డున బట్టల మిల్లులో పనిచేశాడు. మగ్గాల రొద చెవుల్ని సగం తినేసింది, దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. మా మూడో అంతస్తుకు ఎక్కుతూ నాలుగు చోట్ల ఆగేవాడు. మేం తిరిగి పాడేంతసేపే ఆయనకు గాలి పీల్చుకునే వ్యవధి. అందుకని అమ్మా నేనూ వంతను కొంచెం సాగదీసేవాళ్లం. నాన్నకు ఆ సంగతి తెలుసు. తెలియనట్టే ఉండేవాడు.

ఇదంతా జూలై చివరి ఆదివారం కోసం. ఆ రోజు నది పక్క పార్కులో మావాళ్ల పండగ, అంటే మిల్లు పనుల కోసం కెనడాలోని క్వెబెక్ నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డ ఫ్రెంచివాళ్ల పండగ. నాన్న స్టేజి ఎక్కాలి.

*

ఆ మాట తెచ్చింది రోసేర్ బాబాయి. నాన్నకు తొమ్మిదేళ్లు చిన్న. మెయిన్ రోడ్డు మీద బీమా ఆఫీసు ఉండేది. ఇంగ్లీషువాళ్లకు నోరు తిరగాలని ఆఫీసు అద్దం మీద చాలాకాలం రాస్ అనే రాయించుకున్నాడు. పండగ కమిటీకి అధ్యక్షుడయ్యాక దాన్ని గీకించి రోసేర్ అని బంగారు రంగులో రాయించాడు. నవంబరులో నగరసభకు నిలబడుతున్నాడు. చిన్న కెనడా అనే మా పేటలో ఓట్లు ఎక్కువ.

జూన్ మొదట్లో ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక వచ్చి, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, పండగకు ఇది మూడో ఏడు. స్టేజి మీద పాడేదంతా క్వెబెక్ నుంచి కారు వేసుకొచ్చే జులపాల కుర్రాళ్లు. మన పేట మనిషి ఒక్కడూ లేడు. నువ్వు పాడాలి."

"గుడారంలో ఆడటానికి నేనేమన్నా సర్కస్ కోతినట్రా?" అన్నాడు నాన్న.

"ఆరువందల మంది వంత పాడతారు."

నాన్న నవ్వు ఆగింది. కాసేపు కిటికీలోంచి చూసి, నా వైపు తిరిగాడు. "ఆరువందల మంది తిరిగి పాడటానికి ఎంతసేపు పడుతుంది?"

"ముగ్గురం పాడినంతసేపే, నాన్నా."

"ఉహుఁ. గుంపు నిదానంగా కదులుతుంది. నీకు తెలీదు."

అలా ఒప్పుకున్నాడు. అమ్మ మాత్రం ఆ రాత్రి నాతో ఒక్కటే అంది, డాక్టరు పాటల గురించి ఏమీ చెప్పలేదు గాని అడిగితే వద్దనేవాడేనని.

నేను మేలో డిగ్రీ పూర్తి చేసి వచ్చాను. మా ఇంట్లో పన్నెండో తరగతి దాటినదాన్ని నేనే మొదలు. ఉద్యోగం దొరికేదాకా కమిటీ పనులు చూడమన్నాడు బాబాయి. పండగ పుస్తకం రాయడం నా వంతు. పాటలను రికార్డు చేయడం కూడా. కమిటీ టేప్ రికార్డరు తెచ్చి బల్ల మీద పెడితే నాన్న దాన్ని కుక్కపిల్లను చూసినట్టు చూశాడు. మొదటిసారి తొమ్మిదో చరణంలో పంక్తి మధ్యలోనే ఊపిరి అందక ఆగిపోయాడు. మళ్లీ చేద్దామన్నాను. "ఉండనీ. ఎక్కడ ఆగానో వాళ్లకూ తెలియాలి," అని మిగతాది పూర్తి చేశాడు.

ఎంతసేపు పడుతుందో మైకువాళ్లు చూసుకోవాలి, టేపు తన దగ్గర ఉంచమన్నాడు బాబాయి. "నా బల్ల సొరుగు దాటదు, మురియెల్. మా అమ్మ మీద ఒట్టు," అన్నాడు. ఇచ్చాను.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరి పాట వాళ్లది. బెర్త్ అత్తకు గుడ్డి గుర్రం పాట, అమ్మకు ఇద్దరు దర్జీల పాట. ఆ మనిషి బతికుండగా ఇంకొకరు దాన్ని ఎత్తుకోరు. ఎత్తుకుంటే పక్కింటివాళ్ల పళ్లెంలో చెయ్యి పెట్టినట్టే. ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ఒకటే దారి. అవతలివాళ్లు ఎత్తుకుంటారు, పాట గలవాళ్లు వంత పాడతారు. నోరు తెరిచి ఒక్క పంక్తి తిరిగి పాడారంటే ఇచ్చేసినట్టే. ఆ తర్వాత చచ్చేదాకా దాన్ని ముట్టుకోకూడదు. మా నానమ్మ చొక్కా పాటను అలాగే నాన్నకు ఇచ్చింది. అప్పుడు నాన్నకు పద్దెనిమిది. రోసేర్ బాబాయి తొమ్మిదేళ్లవాడు, బల్ల కింద కూర్చుని విన్నాడట. బాబాయికి సొంత పాట లేదు. ఎప్పుడూ వంతకే. మంచి గొంతు.

పండగ పుస్తకంలో ఒక్కో పాట కింద రెండు మూడు వాక్యాలు రాశాను. చొక్కా పాట కింద ఇలా రాశాను: "కట్టినవారెవరో తెలియని పాత పాట. ఇది ఏ ఒక్కరిదీ కాదు, మనందరిదీ." కాలేజీలో మా మాస్టారు చెప్పిన మాట అది. రాసినప్పుడు నాకు గర్వంగా ఉంది. బాబాయి కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "చదువంటే ఇదీ," అన్నాడు.

నాన్నకూ చదివి వినిపించాను.

"అందరిదీనా?"

"పుస్తకాల్లో అలాగే రాస్తారు, నాన్నా."

"పుస్తకాల్లో రాస్తే సరేలే," అన్నాడు.

*

జూలై రెండో వారానికి పదమూడు చరణాలయ్యాయి. మూడో వారానికి పదహారు. ఆ రోజు పదహారోది అయ్యాక నాన్న ఆగి, జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పదిహేడోది పాడతాడేమోనని చూస్తున్నాం.

"చాలు," అన్నాడు. "ఆ రోజు స్టేజి మీద నాకు పదహారు. పదిహేడోది నువ్వు ఎత్తుకో."

నాకు వెంటనే తలకెక్కలేదు.

"నేను వంత పాడతాను," అన్నాడు.

అమ్మ చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను లేచి వెళ్లి కడిగిన పళ్లేలనే మళ్లీ కడిగాను. వెనకనుంచి నాన్న, "దాని కాళ్లకు చప్పుడు లేదు, ఇమెల్దా. గట్టి అడుగున్న చెప్పులు కొనిపెట్టు," అంటున్నాడు అమ్మతో.

ఆ మర్నాడే నాన్న మిల్లు దగ్గర వడ్రంగిగా చేసిన స్నేహితుడి దగ్గరికి వెళ్లి, మేపుల్ చెక్కతో ఒక పలక చేయించుకొచ్చాడు. స్టేజి మీద తివాచీ పరుస్తారు, కాళ్ల తాళం వినపడదు, అందుకని. పలకను చంకలో పెట్టుకుని మెట్ల మీద నాలుగు చోట్ల ఆగుతూ పైకి తెచ్చాడు. సాయం చేస్తానంటే ఇవ్వలేదు.

*

పండగ రోజు ఉదయం గుడారంలోనే పూజ జరిగింది. తర్వాత రాత్రంతా మట్టిలో పూడ్చి ఉడికించిన చిక్కుడుగింజల కుండలు తీశారు. పంది మాంసం కూరి కాల్చిన పైలు, వేయించిన పిండి రొట్టెల మీద మేపుల్ పాకం, ఫిడేళ్లు, చెంచాల తాళం. బాబాయి ఎర్రటి ఉన్ని టోపీ, బాణాల నేత నడికట్టు, మా తాతల కాలం నాటి వేషం వేసుకుని, ఎండలో చెమటలు కక్కుతూ, ప్రతి బెంచీ దగ్గరా ఆగి చేతులు కలుపుతున్నాడు.

"ఎన్నికలయ్యేదాకా ఆ టోపీ తీయడు," అంది బెర్త్ అత్త. "నవంబరుకైతే పనికొస్తుంది."

నాన్న తెల్ల చొక్కా అమ్మ మూడుసార్లు ఇస్త్రీ చేసింది. పలక ఒళ్లో పెట్టుకుని నీడలో కూర్చున్నాడు, ఎవరైనా పలకరిస్తే తల ఊపుతున్నాడు, మాట్లాడటం లేదు. ఊపిరి దాచుకుంటున్నాడు. రెండింటికి బాబాయి వచ్చి, "పలక ఇలా ఇవ్వన్నయ్యా, స్టేజి మీద పెట్టించేస్తాను," అన్నాడు. నాన్న ఇచ్చాడు.

మూడు గంటలకు మా వంతు. మేం మూడో వరసలో కూర్చున్నాం. నాన్న, పక్కన అమ్మ, ఆ పక్కన నేను కొత్త చెప్పులతో. స్టేజి మీద కుర్చీ వేశారు, కుర్చీ ముందు మా పలక. పక్కన బాబాయి, పేర్లు చదివే ఆయనతో ఏదో చెబుతున్నాడు. ఫిడేళ్ల మోతలో ఏమీ వినపడదు.

అమ్మ కూడా ఇరవై రెండేళ్లు మగ్గాల గదిలో పనిచేసింది. అక్కడ పనిచేసిన వాళ్లందరికీ పెదవులు చదవడం వచ్చు. రొదలో మాట వినపడదు గనక గది ఆ చివర నుంచి ఈ చివరికి పెదవులతోనే పెళ్లి సంబంధాలు, పోట్లాటలు అన్నీ అయిపోయేవి. అమ్మ స్టేజి వైపు చూస్తూ నా మణికట్టు పట్టుకుంది.

"ఏమంటున్నాడు?" అన్నాను.

అమ్మ నా వైపు తిరిగి, గొంతు లేకుండా, పెదవులతోనే చెప్పింది. "మా అన్నకు ఒంట్లో బాలేదు, నేనే పాడతాను అంటున్నాడు."

నేను లేచేలోపే ఫిడేళ్లు ఆగాయి. పేర్లు చదివే ఆయన మైకు దగ్గరికి వచ్చి, ఇప్పుడు పూలియో గారి కుటుంబపు పాట అన్నాడు. నాన్న అప్పటికే లేచి నిలబడ్డాడు, మెడ దగ్గర గుండీ పెట్టుకుంటూ. మన అధ్యక్షులు రోసేర్ పూలియో గారు తమ తల్లి నేర్పిన చొక్కా పాట పాడతారు అన్నాడాయన. చప్పట్లు కొట్టారు. నాన్న ఒక క్షణం అలాగే నిలబడి, వెనకవాళ్లకు అడ్డొస్తున్నానని గుర్తొచ్చినవాడిలా కూర్చున్నాడు. గుండీ మళ్లీ విప్పుకున్నాడు.

బాబాయి బాగా పాడాడు. అబద్ధమెందుకు, చాలా బాగా పాడాడు. నాన్న గొంతే, నలభై ఏళ్లు తీసేసినట్టు. మేపుల్ పలక మీద కాళ్ల చప్పుడు పార్కు చివరిదాకా వెళ్లింది. ఆరువందల మంది తిరిగి పాడారు. నాన్న చెప్పింది నిజమే, గుంపు నిదానంగా కదులుతుంది. ముగ్గురం పాడేదానికి ఒకటిన్నర రెట్లు సమయం పట్టింది. ఆ గాలి అంతా నాన్నకు సరిపోయేది. పదహారేమిటి, ముప్పై చరణాలకైనా సరిపోయేది.

నాన్న కాళ్లు గడ్డి మీద వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. చూసుకుని, ఒక పాదాన్ని ఇంకో పాదం మీద పెట్టి నొక్కి ఉంచాడు.

తొమ్మిదో చరణంలో బాబాయి పంక్తి మధ్యలో ఆగాడు. ఏ జబ్బూ లేని మనిషి, మైలు దూరం పరుగెత్తగల మనిషి, సరిగ్గా టేపులో నాన్నకు ఊపిరి అందని చోట ఆగాడు. దాన్ని కూడా నేర్చుకున్నాడు. అందమనుకున్నాడు.

అక్కడే నాకు తెలియకుండా అది జరిగింది. వేసవి అంతా ఆ గొంతు ఆగినప్పుడల్లా అందుకోవడం నాకు అలవాటు. ఆగగానే నా నోరు తెరుచుకుంది. ఆ పంక్తీ, తర్వాతి పంక్తీ, దాని తర్వాతిదీ తిరిగి పాడాను, నాన్నకు ఊపిరి అందాలని సాగదీసి మరీ. మూడో పంక్తి చివర గాని నాకు స్పృహ రాలేదు. పక్కకు చూశాను. అమ్మ పెదవులు బిగించి కూర్చుంది. నాన్న స్టేజిని చూడటం లేదు. నా నోటి వైపు చూస్తున్నాడు.

పదహారు చరణాలయ్యాక బాబాయి మైకులో, "మా అన్నయ్య అదెలార్ ఇక్కడే ఉన్నాడు. మూడో వరసలో. ఆఖరి చరణం మాతో కలిసి పాడమని మీరందరూ అడగండి," అన్నాడు. జనం వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. కొందరు లేచి నిలబడి కొట్టారు. పాట చేతులు మారే పద్ధతి వాళ్లలో ఎంతమందికి గుర్తుందో నాకు తెలీదు. బాబాయికి మాత్రం తెలుసు.

పదిహేడో చరణం మొదటి పంక్తి పాడి, మైకు నాన్న వైపు చాచాడు.

జనం తిరిగి పాడారు. నాన్న జేబురుమాలు తీసి, నోటికి అడ్డం పెట్టుకుని, పాట అయ్యేదాకా అలాగే ఉంచుకున్నాడు. వెనక కూర్చున్న ఒకావిడ, పాపం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు అంది.

*

స్టేజి వెనక బాబాయి ఎర్ర టోపీతో మొహం తుడుచుకుంటూ నిమ్మరసం తాగుతున్నాడు. నన్ను చూసి చేతులు చాచాడు. నేను దూరంగానే నిలబడ్డాను.

"ఆయన లేచి నిలబడ్డాడు, బాబాయ్. నువ్వు చూశావు."

"చూశాను. మొహం ఎంత తెల్లగా పాలిపోయిందో కూడా చూశాను. మైకు ముందు దగ్గు వచ్చి కూలబడితే? అంతమంది ముందు? నేను ఆయన పరువు కాపాడాను, నీకిప్పుడు తెలీదు."

"పొద్దున చెప్పొచ్చుగా."

"చెప్తే పాడనిచ్చేవాడా?" అని గ్లాసు కింద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మా అమ్మ పాట, మురియెల్. నాకూ అమ్మే. నలభై ఏళ్లు వంత పాడాను, ఒక్కసారన్నా ఎత్తుకోరా అన్నాడా మీ నాన్న?"

అందులో నిజం లేకపోలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

"అయినా ఇది ఏ ఒక్కరిదీ కాదని రాసింది ఎవరు?" అన్నాడు. జేబులోంచి పండగ పుస్తకం తీసి, చెమటకు తడిసిన పేజీ తిప్పి, నా వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. "నా చేతిలో టేపు పెట్టింది ఎవరు?"

టేపు అడిగాను. ఆఫీసులో ఉంది, సోమవారం ఇస్తానన్నాడు.

ఇంటికి వస్తుంటే కారు నేనే నడిపాను. ఇంటినుంచి తెచ్చిన పైల పళ్లెం మూత తీయకుండానే అమ్మ ఒళ్లో ఉంది. నాన్న నా పక్కన, కిటికీ అద్దం దించుకుని కూర్చున్నాడు. వంతెన దాటాక అన్నాడు.

"నువ్వు వంత పాడావు."

"అలవాటు, నాన్నా. మీరే ఆగారనుకున్నా." ఎన్నడూ లేనిది ఆయన్ను మీరు అన్నాను, ఎందుకో.

"తెలుసు," అన్నాడు. మిల్లు గోడ దాటి మలుపు తిరిగాక, "చెవికి వినపడలేదు. చూశాను," అన్నాడు.

*

సోమవారం నుంచి మధ్యాహ్నాలు వంటింట్లో గడియారం చప్పుడు వినపడేది. నాన్న కుర్చీ బల్ల దగ్గరే ఉండిపోయింది. నేను ఒకట్రెండు సార్లు భోజనాలయ్యాక అక్కడే తచ్చాడాను, ఎన్నని అడుగుతాడేమోనని. నాన్న లేచి పక్క గదిలోకి వెళ్లి పడుకునేవాడు.

ఆ తర్వాతి ఆదివారం పూజ అయ్యాక బాబాయి వచ్చాడు, ఎప్పటిలాగే, ఏమీ జరగనట్టు. బెర్త్ అత్త అప్పటికే వచ్చి అమ్మతో బఠాణీలు ఒలుస్తోంది. బాబాయి ఒక చేతిలో టేపు, చంకలో మేపుల్ పలక.

"స్టేజి మీద మర్చిపోయారు," అన్నాడు.

టేపు నాకిచ్చాడు. పలకను ఎవరికివ్వాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు. నాన్న లేచి దాన్ని అందుకున్నాడు. కుర్చీని కిటికీ పక్కకు లాగాడు. పలకను తీసుకెళ్లి నేల అరిగిన చోట, సరిగ్గా ఆ రెండు గుర్తుల మీద పెట్టాడు. తర్వాత వెళ్లి గోడవారగా ఉన్న బెంచీ మీద, వంత పాడేవాళ్లు కూర్చునే చోట, బెర్త్ అత్త పక్కన కూర్చున్నాడు.

"కూర్చోరా," అన్నాడు కుర్చీ చూపించి. "పాడు. ఇంట్లో వినలేదుగా."

బాబాయి అమ్మ వైపు చూశాడు. అమ్మ బఠాణీలు ఒలుస్తోంది. బాబాయి మొహం విప్పారింది. అన్న మనసు కరిగిందనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఇక వంత పాడేస్తాడు, పాట ఇచ్చేస్తాడు.

బాబాయి కూర్చుని, పాదాలు సర్దుకుని ఎత్తుకున్నాడు.

"ఏటి ఒడ్డున ఉతుకుతుంటే ఎత్తుకుపోయె నీరు..."

ఆగాడు, వంత కోసం.

ఎవరూ పాడలేదు. బఠాణీ కాయ ఒకటి టప్పున విచ్చుకున్న చప్పుడు వినిపించింది. బాబాయి ఒకసారి నవ్వి, రెండో పంక్తి అందుకున్నాడు.

"మా ఆయన చొక్కా, ఒక్కటే చొక్కా..."

మళ్లీ ఆగాడు. ఆగకుండా పాడటం ఆయనకు రాదు, మాకెవరికీ రాదు. ఆ పాటకు నడక అదే. బెర్త్ అత్త ఒళ్లో చేతులు చూసుకుంటోంది. నాన్న మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, గుళ్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. బాబాయి కాళ్లు పలక మీద తాళం తప్పాయి. మూడో పంక్తి సగంలో గొంతు పల్చబడింది. ఏ జబ్బూ లేని మనిషికి ఆ వంటింట్లో గాలి చాల్లేదు.

"మురియెల్," అన్నాడు నా వైపు తిరిగి. అడిగినట్టే అన్నాడు, నీళ్లు అడిగినట్టు.

నా నాలుక చివర ఆ పంక్తి ఉంది. నేను పెదవులు మూసుకున్నాను. నాన్న బాబాయిని చూడటం లేదు. ఆ రోజులాగే నా నోటి వైపే చూస్తున్నాడు.

బాబాయి ఇంకా కాసేపు కూర్చున్నాడు. తర్వాత టోపీ తీసుకున్నాడు. తలుపు దగ్గర అమ్మతో, ఇమెల్దా వదినా వెళ్లొస్తా అన్నాడు. అమ్మ తలుపు మెల్లగా వేసింది. మెట్ల మీద అడుగులు కిందిదాకా, ఎక్కడా ఆగకుండా వినిపించాయి.

నాన్న లేచి కుర్చీని మళ్లీ బల్ల దగ్గరికి లాగాడు. నేను చేతిలో టేపుతో నిలబడి ఉన్నాను. ఇప్పుడంటాడు అనుకున్నాను. పదిహేడోది నువ్వు ఎత్తుకో అంటాడని.

"కాఫీ ఉందా?" అన్నాడు.

*

పలక చాలాకాలం అక్కడే, కిటికీ పక్కన ఉండిపోయింది. బాబాయి నవంబరులో గెలిచాడు. నాన్న మార్చిలో పోయాడు. సమాధి దగ్గర నుంచి వచ్చాక మా ఇంటి పద్ధతి ప్రకారం పోయినవాళ్ల పాట పాడాలి. పాడాల్సింది ఆ పాట ఎవరికి ఇచ్చారో వాళ్లు. అందరూ కాఫీ కప్పులు పట్టుకుని కాసేపు ఎదురుచూసి, వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

పండగ ఇప్పటికీ జరుగుతుంది. ఏటా పుస్తకంలో నేను రాసిన ఆ రెండు వాక్యాలూ అక్షరం మారకుండా అచ్చవుతాయి. బాబాయి తర్వాత ఆయన కొడుకు పాడాడు, ఇప్పుడు క్వెబెక్ నుంచి వచ్చే కుర్రాళ్లు పాడుతున్నారు. తొమ్మిదో చరణంలో పంక్తి మధ్యలో ఆగుతారు అందరూ. ఆ పాటకు అదొక అందమని చెప్పుకుంటారు.

నాకు పదిహేడు చరణాలూ వచ్చు. మూడు గంటలకు ఆ పాట మొదలయ్యేసరికి నేను గుడారం అవతల, పైలు అమ్మే బల్ల వెనక ఉంటాను. ముక్కలు కోసి పళ్లేల్లో పెడుతుంటాను. చుట్టూ వాళ్లందరూ తిరిగి పాడతారు. నేను పెదవులు మూసుకునే ఉంటాను, ఎవరైనా చూసినా కనపడేటట్టు.